నన్ను సాక్ష్యం చెప్పమన్న శుక్రవారం

చోవా చూ కాంగ్‌లో ఆరేళ్ళు అద్దెకున్న ఫ్లాట్ ఖాళీ చేసే రోజు నేను వంటిల్లు మూడుసార్లు కడిగాను. నిమ్మచెక్కలతో గట్టు రుద్దాను, అల్మరా తలుపులు రుద్దాను. సామాన్లు కిందికి దించుతున్న మా ఆయన ఇంక చాల్లే అన్నాడు. వాసన రాకూడదు కదా అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపం.

ఆ ఫ్లాట్ మా తెలుగు క్రైస్తవ సహవాసంలో పెద్దగా ఉండే అంకుల్‌ది. ఆయనా ఆంటీ సింగపూర్ వచ్చి ముప్పయ్యేళ్ళు దాటింది. వాళ్ళింట్లోనూ మా ఇంట్లోనూ అదే బైబిలు, అవే పాటలు. కాకపోతే గుంటూరు జిల్లాలో వాళ్ళ తాతగారు బాప్తిస్మం తీసుకున్నది ఊళ్ళో, మా తాత తీసుకున్నది ఊరవతల పల్లెలో. ఇంత దూరం వచ్చాక ఆ తేడా ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను.

క్రిస్మస్ మర్నాడు పెద్దకూర వండాను, మా అమ్మలాగే గోంగూర వేసి. సరిగ్గా అప్పుడే కుళాయి కారుతోందంటే చూడ్డానికి ఇద్దరూ వచ్చారు. ఆంటీ గుమ్మంలోనే ఆగిపోయి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కింటివాళ్ళు ఏమనుకుంటారమ్మా, హిందువులుంటారు కదా అంది. మా పక్కింట్లో ఉండేది ఒక చైనీస్ ముసలాయన. లిఫ్టులో కనిపించినప్పుడల్లా ఇవాళ ఏం వండావని అడిగేవాడు.

పది రోజుల తర్వాత అంకుల్ ఫోన్ చేశారు. జనవరితో ఒప్పందం అయిపోతోంది, మా బంధువులు వస్తున్నారు, ఇల్లు కావాలి అన్నారు. పర్లేదంకుల్ అన్నాను. ఏ బంధువులూ రాలేదు. అదే బ్లాకులో ఉండే మా పాప స్నేహితురాలు చెప్పింది, ఎవరో సాఫ్ట్‌వేర్ జంట దిగారని.

మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ అంతకు ముందే వంతెన అవతలికి, మలేసియాలోని జొహోర్‌కి మారింది. ఆయన రోజూ ఇటునుంచి అటు వెళ్ళొచ్చేవాడు. ఇల్లు పోయాక కుటుంబమంతా అటే మారాం. అప్పట్నుంచి నేనూ పాపా తెల్లారకముందే బయల్దేరి ఇటు రావడం మొదలుపెట్టాం. నేను హాస్పిటల్ ల్యాబ్‌కి, అది బడికి. ఇమిగ్రేషన్ వరసలో నిలబడే నిద్రపోవడం నేర్చుకుంది పన్నెండేళ్ళ పిల్ల.

అట్టపెట్టెలు సగం కూడా విప్పకముందే భస్మ బుధవారం వచ్చింది. ఈస్టర్ ముందు శ్రమకాలం నలభై రోజులూ మాకు మాంసం ఉండదు, మధ్యాహ్నం దాకా ఏమీ తినం. ఆ ఏడాది మర్నాడే రంజాన్ ఉపవాసాలు కూడా మొదలయ్యాయి. మొదటి వారంలోనే పక్కింటావిడ ఒక సాయంత్రం గిన్నె పట్టుకుని వచ్చింది. అక్కడ పెద్దావిడల్ని మక్చిక్ అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. గిన్నెలో మాంసం వేసి కాచిన గంజి. తీసుకోవాలో వద్దో తెలియక, నేనూ ఉపవాసమే, మాంసం తినకూడదు అని వచ్చీరాని మలయ్‌లో చెప్పాను.

ఎన్ని రోజులు అని అడిగింది. నలభై అన్నాను.

"మాకంటే పది ఎక్కువ," అంది ఆవిడ, నా మీద జాలిపడుతున్నట్టు. గిన్నె తీసుకెళ్ళిపోయింది. మర్నాడు మాంసం లేకుండా విడిగా కాచి తెచ్చింది.

ఆవిడేమీ దేవత కాదు. మా కారు తన గేటుకి అడ్డంగా ఉందని రెండుసార్లు పోట్లాడింది, పాప గట్టిగా కీబోర్డు వాయిస్తే గోడ మీద కొట్టింది. కానీ మా గుమ్మంలో నిలబడి ముక్కు మూసుకోలేదు.

శ్రమకాలంలో శుక్రవారం సాయంత్రాలు మా సహవాసంవాళ్ళు ఇంటింటా కూడికలు పెట్టుకుంటారు. బుకిట్ బటోక్‌లో ఒక ఇంట్లో కలిసినప్పుడు, ఒక వారం మా ఇంటికి రండి అని అడిగాను. అంకుల్ తల అడ్డంగా ఊపారు. అది ముస్లిం దేశమమ్మా, ఇళ్ళల్లో ప్రార్థనలంటే ప్రమాదం అన్నారు. మా వీధి చివర తమిళ చర్చి ఉందని, ఆదివారం పాటలు మా వంటింట్లోకి వినిపిస్తాయని చెప్పాను. అందరూ విన్నారు. ఎవరూ రాలేదు.

గుడ్ ఫ్రైడే రోజున యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడటం మా ఆనవాయితీ. ఐదోది, దాహం గురించిన మాట, ఆ సంవత్సరం నాకిచ్చారు. రోజూ రైల్లో కూర్చుని రాసుకున్నాను. వారం రోజులుందనగా అంకుల్ ఫోన్ చేశారు. ఆ మాట ఇంకొకరు చెబుతారట. నేను సాక్ష్యం చెప్పాలట, ముస్లిముల మధ్య ఉంటూ ఎన్ని శ్రమలు పడుతున్నానో, దేవుడు ఎలా కాపాడుతున్నాడో. శ్రమలేమీ లేవంకుల్ అన్నాను.

"ఉన్నదే చెప్పమ్మా, కాస్త వివరంగా," అన్నారు.

ఆ శుక్రవారం జొహోర్‌లో సెలవు లేదు. మా ఆయన రోజంతా సెలవు పెట్టి వచ్చాడు. టోవా పాయోలో అద్దెకు తీసుకున్న హాలు నిండిపోయింది. నాలుగో మాట అయ్యాక అంకుల్ లేచి మా కుటుంబం కోసం ప్రార్థన చేశారు. సింహాల గుహలో ఉన్న ఈ బిడ్డల్ని కాపాడు ప్రభువా అన్నారు. ఆయన గొంతు వణికింది. ముందు వరసలో ఆంటీ కళ్ళు తుడుచుకుంది.

మైకు దగ్గరికి వెళ్ళి గంజి సంగతి చెప్పాను. పది రోజులు ఎక్కువని మక్చిక్ అన్నది చెప్తే కొంతమంది నవ్వారు. అప్పుడు అన్నాను:

"నా శ్రమల గురించి చెప్పమన్నారు. అవి అక్కడ కాదు, చోవా చూ కాంగ్‌లో పడ్డాను. క్రిస్మస్ మర్నాడు పెద్దకూర వండినందుకు ఇల్లు ఖాళీ చేయించారు. చేయించినవాళ్ళు ఇప్పుడే నాకోసం ప్రార్థన చేశారు."

వచ్చి కూర్చున్నాను. ఎవరో పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు ఆత్రంగా అందుకున్నారు.

మూడు గంటలకి ఆరాధన అయ్యాక అందరికీ మజ్జిగ ఇచ్చారు. అంకుల్ నా దగ్గరికి వచ్చి, ఇంటి విషయాలు దేవుని సన్నిధిలోకి తేవడం మంచిది కాదన్నారు. మా బంధువుల ప్రయాణం ఆగిపోయింది, అంతే తప్ప వేరే ఉద్దేశం లేదన్నారు. నేను ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడ్డాను. పర్లేదంకుల్ అనే మాట నోటిదాకా వచ్చింది. ఈసారి అనలేదు. ఆయనే వెళ్ళిపోయారు.

రైల్లో మా ఆయన, అందరి ముందు అనకుండా ఉండాల్సింది అన్నాడు. మరి ఎక్కడ అనాలి, వంటింట్లో నిమ్మచెక్కలు రుద్దుకుంటూ అనాలా అన్నాను. ఇద్దరం గొంతు పెంచాం. పాప ఇటూ అటూ చూసి, తన సింగపూర్ ఇంగ్లీషులో, "డాడీ, షీ ఈజ్ రైట్ లా," అంది. వంతెన దగ్గర వరసలో ఆయన నా చేతిలో సంచీ తీసుకుని తను పట్టుకున్నాడు.

ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధనకి వెళ్ళాం. వెళ్ళకపోతే నేను అబద్ధమాడానని అనుకుంటారని వెళ్ళాను, భక్తితో కాదు. మా వరసలో మా పక్కనున్న రెండు కుర్చీల్లో ఎవరూ కూర్చోలేదు. తర్వాత ఫలహారం దగ్గర ఆంటీ ఇడ్లీలు వడ్డిస్తోంది. నా పళ్ళెంలో రెండు పెట్టింది, తల ఎత్తకుండా. ఎవరో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి నా చెయ్యి పట్టుకుని, మనసులో కోపం పెట్టుకోకు, క్షమించే మనసు ఇమ్మని ప్రార్థన చేసుకో అని మెల్లగా చెప్పింది. ఆంటీకి కూడా ఏమైనా చెప్పారా అని అడిగాను. ఆవిడ చెయ్యి వదిలేసింది.

ప్రార్థన రోజూ చేస్తున్నాను. ఆ ఒక్కటి మాత్రం ఇంకా అడగలేదు.