తొండానికి వేసిన రెండో కుట్టు

మా ముత్తాత మూడు ఊళ్లకు మునసబు. కలెక్టరు ఏటా శిస్తు లెక్కలు చూసే జమాబందికి వచ్చినప్పుడు గుడారం మా తోటలోనే వేసేవారట. మా తాత మునసబుగిరీతో పాటు బత్తలపల్లె చుట్టుపక్కల వంద ఎకరాల మెట్టకు, ఎద్దులతో నీళ్లు తోడే మూడు కపిలి బావులకు యజమాని. ఆయన వీధిలో నడుస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. మా నాయన రెండుసార్లు సర్పంచి. ఆయన కాలానికి లేచేవాళ్లు సగమయ్యారు. నేను అనంతపురంలో ఒక కళాశాల ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. నన్ను చూసి ఎవరూ లేవరు. లేవాలని నేను అడగను కూడా. కానీ వీపు వంచి నడవడం మా ఇంట్లో ఎవరికీ రాదు, నాకూ రాలేదు. ఇదంతా ముందే చెప్పడం గొప్పకు కాదు. నేను ఆడిన అబద్ధం ఈ వంశం కోసం ఆడింది కాబట్టి.

అనంతపురం నుంచి బత్తలపల్లె పోయే దారిలో మూతపడిన శెనక్కాయల మిల్లు ఒకటి ఉండేది. ఒక ట్రస్టు వాళ్లు దాన్ని బాగుచేసి అందులో డిజైన్ మ్యూజియం పెట్టారు. పేరు పెద్దదే గానీ లోపల ఉన్నవన్నీ మనకు తెలిసినవే. కంబళి నేసే మగ్గం, ధర్మవరం చీరల అంచులకు గీసిన కాగితాలు, విత్తనం వేసే గొర్రు, కలుపు తీసే గుంటక. అక్కడి క్యూరేటరు విజయవాడ వైపు అమ్మాయి. ముప్పై ఏళ్లుంటాయేమో.

"వస్తువు అందంగా ఉందా అని కాదండీ, పనికి తగ్గట్టు ఎలా ఆలోచించారు అన్నది చూపిస్తాం" అని మొదటి రోజే నాకు వివరించింది.

పోయిన ఏడాది వాళ్లు నెల రోజుల కార్యక్రమం పెట్టుకున్నారు. విషయం, ఈ కరువు నేలలో నీళ్లు తోడిన పనిముట్లు. ప్రతి శనివారం సాయంత్రం ఒక ప్రసంగం, ప్రతి ఆదివారం ఉదయం పనివాళ్లు స్వయంగా చేసి చూపించడం, బడిపిల్లలకు బొమ్మలు గీసే శిబిరం, కర్ణాటక సరిహద్దులోని గుమ్మఘట్ట నుంచి వచ్చి ఒక చరణం తెలుగులో, ఒక చరణం కన్నడలో కపిలి పాటలు పాడేవాళ్లు. అన్నీ కుదిరాయి గానీ అసలు కపిలి దొరకలేదు. ఇనుప బానలు పాత సామాన్ల అంగళ్లలో ఉన్నాయి. వాటి కింద ఉండే తోలు తొండం మాత్రం ఎవరి దగ్గరా మిగల్లేదు. ఎలుకలు కొట్టేశాయి, కుక్కలు ఎత్తుకుపోయాయి. అనంతపురంలో మా ఇంటి అటక మీద ఒకటి ఉందని ఎవరో చెబితే ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మా అవ్వ ఏడాదికొకసారి దానికి ఆముదం పట్టించేది. ఆమె తర్వాత మా అమ్మ, ఆ తర్వాత నేను. అందుకే అది బతికింది.

కపిలి చూడనివాళ్ల కోసం ఒక మాట. బాన అడుగున తోలు తొండం కుట్టి ఉంటుంది. బావిలో మునిగి నిండాక ఎద్దులు ఏటవాలు దారిలో కిందికి నడుస్తాయి, బాన పైకి వస్తుంది. సన్నతాడుతో ఎత్తిపట్టిన తొండం మూతి గట్టు మీదికి రాగానే కిందికి వాలి, నీళ్లు తమంతట తామే కాలువలో పడతాయి. వంచే చెయ్యి అక్కర్లేదు.

ఆ అమ్మాయి తొండాన్ని నేల మీద పరిచి వేలితో తడుముతూ, "ఇది మామూలు కుట్టు కాదు సార్. అంచు మడిచి మధ్యలో సన్న పట్టీ పెట్టి మళ్లీ కుట్టారు. తడిస్తే పట్టీ ఉబ్బి సందు మూసుకుంటుంది. ఎక్కడా చూడలేదు నేను. ఎవరి ఆలోచనండీ ఇది?" అని అడిగింది.

"మా తాతది" అన్నాను.

క్షణం కూడా తడుముకోలేదు. కానీ ఎవరి ఆలోచనో నాకు తెలుసు. నాకు ఏడేళ్లప్పుడు ఆ కుట్టు నా కళ్లముందే పడింది. మా ఊళ్లో తోలుపని చేసే కుటుంబం ఒకటి ఉండేది. ఏటా మా బావులకు తొండాలు కుట్టేవారు. ఆ ఏడు ఆ ఇంటి పెద్ద, తంగేడు బెరడుతో పదును చేసిన తోలు పరుచుకుని, ఒక కుట్టు అయ్యాక రెండోది మొదలుపెట్టాడు. మా తాత గట్టు మీద నుంచి, "ఏమిరా, తోలు దండగ చేస్తాండావు?" అని అరిచాడు. ఆయన తలెత్తకుండా, "ఒక్క తూరి చూడు సామీ. చుక్క కారితే కళ్లంలో నా మేర ఇయ్యొద్దు" అన్నాడు. ఏడాది పొడుగునా తిండిగింజలు ఆ మేరే. మర్నాడు పొద్దు నెత్తికి రాకముందే మడి మొత్తం తడిసింది. సాయంత్రం ఇంటికి వచ్చిన చుట్టాలకు మా తాత ఆ తొండం చూపించి, తనే చెప్పి కుట్టించానన్నాడు. అలా ఆ మాట మొదట ఆడింది మా తాత. అరవై ఏళ్ల తర్వాత దాన్ని గోడకెక్కించింది నేను.

ప్రారంభోత్సవం బాగా జరిగింది. తెల్ల గోడ ముందు గిలక, దాని కింద బాన, తొండం వేలాడదీసి దీపాలు పెట్టారు. పక్కన పలక మీద మా తాత పేరు, కింద "రెండు వరసల కుట్టు రూపకర్త" అని ఉంది. వచ్చిన అధికారి ఒకరు పైకే చదివి, "ఆ రోజుల్లో ఎంత బుర్ర!" అంటూ నాతో చెయ్యి కలిపాడు. ఫోటోలు తీశారు. రెండు వారాలు ప్రతి కార్యక్రమానికీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. ముందు వరసలో కుర్చీ వేశారు. చాలా ఏళ్ల తర్వాత నాకు వేసిన కుర్చీ అది.

మూడో వారం ఆ అమ్మాయి సంతోషంగా ఫోన్ చేసింది. "తొండం కుట్టడం వచ్చినాయన దొరికారు సార్! ఆదివారం వస్తున్నారు. మీ ఊరాయనే, మీకు తెలిసే ఉంటారు."

తెలుసు. రెండో కుట్టు వేసినాయన కొడుకు. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. బడిలో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. అప్పుడే ఫోన్లో నిజం చెబితే పలక మార్చడం ఒక పూట పని. "మంచిదమ్మా" అని పెట్టేశాను.

ఆదివారం నేను వెళ్లేసరికి ఆయన పలక ముందు నిలబడి ఉన్నాడు. ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టి చదివాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. చాప మీద కూర్చుని, నానబెట్టిన తోలు ఒళ్లో వేసుకుని, తోలు కుట్టే ఆరె తీసి పని మొదలుపెట్టాడు. చుట్టూ యాభై అరవై మంది చేరారు.

తలపాగా చుట్టుకున్న ఒక రైతు, "ఏమప్పా, ఏనుగు తొండం కుడతాండావా?" అన్నాడు.

"ఏనుగైతే నీళ్లన్నీ అదే తాగతాది. ఇది మనకిస్తాది" అన్నాడు ఆయన దారం లాగుతూ.

"బోర్లు ఎండిపోయినాక మళ్లీ ఇదే గతేమో!"

"బాయిలో నీళ్లుంటే గదన్నా. కుట్టేదానికి నేనుండా, తోడేదానికి నీళ్లు యాడుండాయి?"

అందరూ నవ్వారు. మొదటి కుట్టు అయింది. అంచు మడిచి, పట్టీ పెట్టి, రెండో కుట్టు వేశాడు. వాళ్ల నాయన చేతులే అవి. బొటనవేలు పక్కకు వంచి ఆరె తోయడం కూడా అలాగే. ఎవరో బిందెతో నీళ్లు పోశారు. తొండం ఉబ్బింది. చుక్క కారలేదు. చప్పట్లు కొట్టారు.

ఆయన లేవలేదు. నా వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఎందుకో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. మా ఊళ్లో కొత్త తొండంలో మొదటి నీళ్లు పడగానే బావి యజమాని గట్టు మీద నిలబడి, ఊరంతా వినేలా, "కుట్టెవరిది?" అని అడగాలి. కుట్టినవాడు తన పేరు, వాళ్ల నాయన పేరు చెప్పి, ఆ నీళ్లు దోసిట పట్టి తాగాలి. ఆ ఏడంతా తొండం తెగితే పూచీ అతనిది. అందుకు పెట్టిన ఆచారం. కానీ ఆ ఇంటివాళ్లు మా బావి నీళ్లు తమ చేత్తో పట్టి తాగింది ఆ ఒక్కరోజే. మిగతా రోజులు వాళ్ల కుండల్లోకి వేరేవాళ్లు ఎత్తి పోసేవారు. వాళ్ల పేర్లు మా గట్టు మీద గట్టిగా వినిపించింది కూడా ఆ ఒక్కరోజే. వాళ్లు తాగి వెళ్లాక మా అవ్వ గట్టు మీద పసుపునీళ్లు చల్లేది.

"అడుగప్పా" అన్నాడు ఆయన.

చిన్నప్పుడు నన్ను అయ్యా అనేవాడు. ఆ మార్పు నాకు గుచ్చుకుంది. అంత సిగ్గుపడాల్సిన సమయంలో నాకు తోచింది అది. అడగాల్సింది ఆ రెండు మాటలే. అడిగితే ఆయన వాళ్ల నాయన పేరు చెబుతాడు. జనం గోడ మీది పేరు చూస్తారు. అప్పటికే పది తలలు నా వైపు తిరిగాయి.

"ఏం అడగాలి సార్?" అంది ఆ అమ్మాయి.

"ఏం లేదమ్మా. పాత మాట ఏదో" అన్నాను.

ఆయన ఆరె తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ నా పక్కన ఆగి, నాకు మాత్రమే వినపడేలా, "మా నాయన పేరు ఈడ యాడుండాది? నీకు తెల్దా? నువ్వు చూసినావు గదా, గట్టు మీద బెల్లం తింటా" అన్నాడు.

బెల్లం సంగతి నేను మరిచిపోయాను. ఆయన మరవలేదు.

తర్వాత రెండు శనివారాలు, ఒక ఆదివారం ఆయన వచ్చాడు. పలక ముందు కాసేపు నిలబడి వెళ్లిపోయేవాడు. నేను ముందు వరస మానేసి వెనక కూర్చున్నాను. ప్రసంగాలు చెవికెక్కలేదు. ముగింపుకు నాలుగు రోజుల ముందు ఆ అమ్మాయే చెప్పింది: ప్రదర్శన మొత్తం ఇక్కడి నుంచి బెంగళూరు వెళుతుంది, పలకలతో సహా.

ఆ రోజు ఇంటికి వచ్చి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మొదటిసారి "జ్ఞాపకం తడబడినందున" అని రాశాను. చించేశాను. రెండోసారి "మా పెద్దలు చెప్పగా విన్నది కావున" అని రాసి, అదీ చించాను. ముప్పై ఏళ్లు ఆఫీసు ఉత్తరాలు రాసినవాడికి తప్పించుకునే వాక్యాలు చాలా వస్తాయి. మూడు రోజులు అలా చించాక మూడు వాక్యాలు మిగిలాయి. రూపకర్త మా తాత కాదు. ఫలానా ఆయన. నాకు తెలిసే అబద్ధం చెప్పాను.

ఆ అమ్మాయి చదివింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "కొత్త పలక రేపటికి వస్తుందండీ" అని మాత్రం అంది. అప్పటి వరకూ మాటల్లో తరచూ వినిపించే సార్ ఆ మాటలో లేదు.

కొత్త పలక ముగింపు రోజు మధ్యాహ్నం గోడెక్కింది. ఆయన ఆ రోజు రాలేదు. మర్నాడు బస్సెక్కి ఊరికి పోయాను. ఎస్సీ కాలనీలోకి మా ఇంటి మగవాళ్లు ఓట్లప్పుడు తప్ప పోలేదు. ఆయన భార్య ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. నీళ్లు ఇవ్వలేదు. మా ఇంటివాళ్లు అక్కడ తాగరని ఆమెకు తెలుసు. నేనైనా అడగలేదు. గొంతు ఎండుతూనే ఉంది.

ఆయన్ని అన్నా అని పిలవాలని బస్సులోనే అనుకున్నాను.

"అన్నా, పేరు మార్పించినా. మీ నాయన పేరే ఉండాది ఇప్పుడు."

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాన్నం."

"నిన్ననే గదా మూసేసినారు. ఎవరు జూసినారు?"

"బెంగళూరికి పోతాది. ఆడ చూస్తారు."

"ఆడ మా నాయన ఎవరికి తెలుసప్పా? నేను ఈడ జూడాలనుకుంటి. మనూరోళ్లు జూడాలనుకుంటి."

"ఇప్పుడన్నా రాయించె గదా, పోనీలే" అంది ఆయన భార్య గడప దగ్గర నుంచి.

"నువ్వుండుమే." ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కొంచెంసేపు వాటినే చూశాడు. "నిన్నొకటి అడుగుతా. మా నాయన చేతిపని ఈ ఇంట్లో ఒక్కటి లేదు. కుట్టిందంతా మీ ఇండ్లకు పాయ. నాకు కుట్టిన చెప్పులు కూడా ఎప్పుడో తెగిపాయ. బెంగళూరు నుంచి వచ్చినాక ఆ తొండం నాకియ్యి. అటక మీద పెట్టుకోను, ఈ గోడకు తగిలించుకుంటా. నువ్వు ఊరికే చూపించేదానికి ఇచ్చినావంట గదా, మళ్లీ తెచ్చుకుంటావంట గదా."

ఊళ్లో ఆ మాట చెప్పింది నేనే. మా ఇంటి వస్తువు మేము అమ్ముకోమని కూడా చెప్పాను.

కపిలి తొండం, ఇనుప బాన, గిలక, రెండు మోకులు ప్రారంభోత్సవానికి ముందు రోజే మ్యూజియానికి అమ్మేశాను.