ఫ్రేము మీది ముద్ర

జాతీయ చిత్రకళా పోటీకి బొమ్మలు అందించే చివరి రోజునే తెలంగాణ బంద్ వచ్చింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. చిత్రాన్ని దుప్పటిలో చుట్టి మణికొండ నుంచి మాదాపూర్‌లోని సేకరణ కేంద్రం దాకా మోసుకుంటూ నడిచాను. సాయంత్రం అయిదింటికి తలుపులు మూస్తారు.

చిత్రానికి వేసింది తాతగారి టేకు ఫ్రేము. దాని నెత్తిన మా ఇంటి ముద్ర చెక్కి ఉంటుంది: రెండు కత్తులు, నడుమ కలువ. ఊళ్లోని మా దొరల గడీ పోయింది, భూములు పోయాయి. నా కిరాయి గదిలో మిగిలింది ఆ ఫ్రేమొక్కటే. పోటీ మొదలైన తొలి ఏళ్లలో తాతగారికి పతకం వచ్చింది. ఇంటికి ఎవరొచ్చినా ఆ మాట చెప్పకుండా పంపేవాళ్లం కాదు.

కేంద్రంలోని పెద్దాయన ముద్రను చూసి తల అడ్డంగా ఊపారు. ఎవరి బొమ్మో న్యాయనిర్ణేతలకు తెలియకూడదట. సంతకం మీద కూడా కాగితం అంటిస్తారట. చెక్కిన ముద్రయితే కాగితం కింద కూడా ఉబ్బెత్తుగా తెలిసిపోతుందట. ఈ ముద్ర ఎవరిదో తెలుసా అని అడిగాను. పాత కేటలాగుల్లో చూశానన్నారు.

"మొదట్లో ఈ నియమం లేదండి. మీ తాతగారికి పతకం ఇచ్చిన సంవత్సరం న్యాయనిర్ణేతలు ఆయన ఇంట్లోనే బస చేశారు. మిగతా కళాకారులు మరుసటి ఏడాది బొమ్మలు పంపలేదు. ఆ తర్వాతే పేర్లు దాచడం మొదలైంది."

నేను వాదించలేదు. వాదిస్తే అడుక్కున్నట్టుంటుంది. ఫ్రేము లేని బొమ్మ తీసుకుంటారా అని మాత్రం అడిగాను. తీసుకోరట. అప్పటికి రెండున్నర.

కొత్తగూడ చౌరస్తాలో వంటావార్పు జరుగుతోంది. బంద్ చేసేవాళ్లు రోడ్డు మధ్యనే పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. అక్కడి వడ్రంగి ఒకతను తన దుకాణం మూసి, ఒక పొయ్యి పక్కన కూర్చున్నాడు. దుప్పటి విప్పి ముద్ర చూపించి, తీసేయాలని చెప్పాను.

"బంద్‌ల పని చెయ్య. దొర పనైతే అసలే చెయ్య," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను కదల్లేదు. అతను నా వైపు తిరిగి, "ఉలి ఇస్త, నువ్వే చేస్కో. చేతనైతదా?" అన్నాడు.

"అయ్యేదాకా చేస్తాను."

రోడ్డు మీదే కూర్చున్నాను. మా ఇంట్లో ఉలి పట్టినవాళ్లు లేరు. మొదటి దెబ్బకే బొటనవేలి తోలు లేచింది. "గట్ల గాదు, జర వంచు," అంటూ అతను కూర్చున్నచోటు నుంచే చెప్పుకొచ్చాడు. చెయ్యి మాత్రం వేయలేదు. ముందు కత్తులు పోయాయి. కలువకు గంట పట్టింది.

అయిదు కాకముందే కేంద్రంలో ఉన్నాను. పెద్దాయన గరుకు చెక్కను వేలితో తడిమి, నంబరు అంటించారు.

ఆ ఏడాది నా చిత్రం ఎంపిక కాలేదు. ఎవరిదో తెలియకుండానే కాదన్నారు. దానికి నా ఫిర్యాదేమీ లేదు. ఫలితం తెలిసిన రోజునే కొత్త కాన్వాసు బిగించాను.