గ్రహణం విడవకముందు అత్తమ్మ ఇచ్చిన పంచదార నీళ్లు

ఈ ఉదయం షుగర్ చూసుకుందామని వేలికి సూది గుచ్చుకుని, మీటర్ వైపు కాకుండా ఫోన్ వైపు చూశాను.

"ఎంతొచ్చినాదే, సెప్పు?" అని రోజూ ఫోన్ చేసి అడిగే మనిషి లేదు.

నిన్న మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశారు. అత్తమ్మ పోయారు. హార్ట్ ఎటాక్. జీడితోటకు వెళ్దామని చెప్పులు వేసుకుంటూ అరుగు మీదే కూలబడిపోయారట.

నాకింకా అర్థం కావడం లేదు. మొన్ననే ఫోన్‌లో నన్ను తిట్టారు.

పురిటికి పలాసలో అమ్మ దగ్గరికి వచ్చాను. అంతకుముందు మందస దగ్గర అత్తవారి ఊళ్లోనే. కడుపుతో ఉండగా నాకు షుగర్ వచ్చింది. ఇన్సులిన్ వేసుకుంటాను. వేసుకున్నాక తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. చేతులు వణుకుతాయి, మాట రాదు.

గ్రహణం రోజు అదే జరిగింది.

అలవాటు కొద్దీ ఇంజెక్షన్ వేసేసుకున్నాను. తినేలోపే గ్రహణం పట్టింది. కడుపుతో ఉన్నవాళ్లు తినకూడదు, కదలకూడదు. అత్తమ్మే తలుపులు మూసి, నీళ్ల బిందెలో దర్భ వేసి, నన్ను పడుకోబెట్టారు.

కాన్వెంట్‌లో గ్రహణం బొమ్మ గీసి వెరీ గుడ్ తెచ్చుకున్నదాన్ని. అయినా ఇంజెక్షన్ వేసుకున్నాను, తినాలి అని చెప్పలేదు. సిగ్గో, భయమో.

కాసేపటికి అత్తమ్మ వచ్చి నా నుదురు తాకారు.

"ఒలమ్మా, ఇలా సెమటలు పడతన్నాయేటి? మాటాడవేటే?"

గ్లాసులో పంచదార నీళ్లు కలిపి తెచ్చారు. ఆవిడ తోటికోడలు గుమ్మంలో అడ్డం నిలబడింది.

"గ్రహనం ఇంకా ఇడనేదు. ఇప్పుడు తాగిత్తే బిడ్డ మొర్రితో పుట్టేత్తాది."

"పెదవి సీలితే కుట్టించుకుంతాం. మనిసి పోతే నువ్వు కుడతావేటి అక్కా? తప్పుకో!"

తాగాను. వణుకు తగ్గింది. తర్వాత అన్నం కూడా పెట్టారు.

ఇక్కడితో అయిపోతే నాకు బాగానే అర్థమయ్యేది. ధైర్యం గల మనిషి అని రాసి ఊరుకునేదాన్ని.

కానీ ఆ సాయంత్రం నుంచే ఆవిడకు భయం పట్టుకుంది.

టెక్కలిలో స్కాన్‌కు వెళ్తే డాక్టరమ్మను ఒక్కటే అడిగారు. "పెదాలు బాగున్నాయా తల్లీ?"

బిడ్డ చెయ్యి అడ్డం ఉంది, సరిగ్గా కనబడలేదు అన్నారు డాక్టరమ్మ.

అప్పటినుంచి రోజూ దీపం, రోజూ దండం. మొన్న తిట్టిందీ అందుకే. "మల్లీ స్కాను తీయించుకోమన్నానా? సదువుకున్నావు గానీ బుద్ది నేదే నీకు."

అంటే నమ్మారు. పూర్తిగా నమ్ముతూనే ఆ గ్లాసు నా నోటికి పెట్టారు.

అదెలా కుదురుతుందో నాకు తెలియడం లేదు. ఇన్ని పుస్తకాలు చదివాను. ఎక్కడా లేదు.

అత్తమ్మా, ఇక ఆ భయం వదిలేయండి. మీ మనసు కుదుటపడాలి. హాయిగా నిద్రపోండి.

కడుపుతో ఉన్నవాళ్లు శవాన్ని చూడకూడదన్నారు. నేను వెళ్లలేదు.