మోసెస్ బావకు సగం మాత్రా?

మా బావ మోసెస్ జీవితంలో సగం అన్నది లేదు. సగం ప్లేటు బిరియాని ఆయనకి అవమానం, సగం గ్లాసు టీ మహాపాపం. రాయపురం హార్బర్‌లో చేపల వేలం వేయడం ఆయన పని. గొంతెత్తి "ఒకటో సారి" అన్నాడంటే బుట్టల చుట్టూ చేరిన కాకులు కూడా లేచిపోతాయి. అందుకే మా తెలుగు చర్చిలో ఏటా కోత పండుగనాడు, జనం కానుకగా తెచ్చిన గుమ్మడికాయలనీ కోళ్లనీ వేలం వేసే పదవి ఆయనదే. పదవి అన్నది ఆయన మాట. జీతం లేదు, ఒక శాలువా కప్పుతారు.

అలాంటి మనిషికి లివర్ గట్టిపడిందని డాక్టరమ్మ చెప్పింది. చుక్క ముట్టని మనిషి! షుగరూ కొవ్వూ కలిసి చేసిన పని అది. "తాగేటోళ్లంతా గుండ్రాయి మాదిరి తిరగతా ఉండారు, నాకా లివరు పొయ్యేది?" అని బావ దేవుడితోనే తగువు పెట్టుకున్నాడు. ఒళ్లంతా ఒకటే దురద. దానికి ఆవిడ రాత్రిపూట సగం మాత్ర రాసింది.

బావకి పౌరుషం పొడుచుకొచ్చింది. "సగం ఏందమ్మా, పిల్లకాయలకి ఇచ్చినట్టు? మా పక్కింటి నాగప్పన్ ఇదే మాత్ర నిండుగా ఏస్తాడే!"

"ఆయన లివర్ వేరు, మీ లివర్ వేరు," అంది డాక్టరమ్మ. "మింగిన మందుని ఒంట్లోంచి వదిలించేది అదే. మీది నీరసపడింది. నిన్నటిది పోకముందే ఇవాళ్టిది పడితే లోపల పేరుకుంటుంది, టీపొడి అడ్డుపడిన సింకులో నీళ్లలాగా."

బావ బుద్ధిగా తలూపాడు. ఆయన తలూపాడంటే వినలేదని అర్థం. ఆ సంగతి మా అక్క తంగమ్మకి పెళ్లయిన కొత్తల్లోనే తెలిసిపోయింది కాబట్టి, మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళం వేస్తే మాత్రం? మహానుభావుడు నాగప్పన్ దగ్గర అడిగి తెచ్చుకుని పొద్దునొకటి, రాత్రొకటి నిండు మాత్రలే మింగాడు. మొదటి రోజు ఏమీ కాలేదట. "సూసినావా, నా లివరు సింగంరా!" అన్నాడట. ఇదంతా తర్వాత నాగప్పన్ చెంపలేసుకుంటూ చెప్పాడు.

కోత పండుగ ఆదివారం వచ్చింది. శాలువా కప్పుకుని బావ వేదికెక్కాడు. ఎవరో గుమ్మడికాయ తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఒకటో సారి," అన్నాడు బావ. చాలాసేపటికి "రెండో సారి" అన్నాడు. అంతే, గుమ్మడికాయ వంక చూస్తూ నిలబడిపోయాడు. మూడో సారి ఎంతకీ రాదు. ఈలోగా ఒకరు పాట పెంచారు, ఇంకొకరు ఇంకా పెంచారు. బావ నింపాదిగా మళ్లీ మొదలెట్టాడు, "ఒకటో సారి..."

జనం పడీపడీ నవ్వారు. "అబ్బో, ఏం కామెడీ చేస్తా ఉండాడు మోసెస్ అన్న!" అన్నారు. పాట పెరిగేకొద్దీ పాస్టరుగారు స్తోత్రం మీద స్తోత్రం చెప్పారు. బావ గుమ్మడికాయని నిమిరి, "బాగుండావా అమ్మా?" అని పలకరించాడు. నాకైతే నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి.

నవ్వనిది మా అక్క ఒక్కతే. ఆమె బావ చేతినే చూస్తోంది. పైకెత్తిన ఆ చెయ్యి రెక్కలా కొట్టుకుంటోంది.

"ఆయన నటించడంలేదే," అంది నాతో. "నటించడమే వస్తే ఇన్నేళ్లూ నా దగ్గర అబద్ధమాడి దొరికిపోతా ఉంటాడా?"

చీర కుచ్చిళ్లు ఎగదోపి వేదికెక్కేసింది. "మూడో సారి! కాయ నాకే! ఎవురన్నా ఆటో పిలవండయ్యా!" అని ఆమె అరిచిన అరుపుకి నలుగురు ఆటో కోసం బయటికి పరుగెత్తారు.

ఆసుపత్రిలో ఈ రోజు ఏ వారమని డాక్టరమ్మ అడిగితే, "గుమ్మడికాయ" అన్నాడు బావ. ఇక మాకెవరికీ నవ్వు రాలేదు. ఇంకో రెండు మాత్రలు పడి ఉంటే మనిషి దక్కేవాడు కాదని ఆవిడ చెప్పింది. అక్క ఆ రాత్రంతా మంచం పట్టీ వదల్లేదు.

మర్నాటి సాయంత్రానికి పేరుకున్న మందు మెల్లగా దిగింది. బావ కళ్లు తెరిచి ముందు అడిగిందేమిటి? "కాయ ఎవురికి పొయ్యింది?"

"నాకే."

"ఎంతకి పాడినావు?"

"నాకేం తెలుసయ్యా?" అంది అక్క. "నువ్వు నాకు మిగిలితే సాలని పాడినా." అప్పటిదాకా కంటతడి పెట్టని మనిషి భోరుమంది.

బావ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వరసకి మరదల్ని, ఎగతాళి చేసే హక్కు నాది. ఆ హక్కుని పక్కన పెట్టి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేశాను.