మా అత్తగారి ఓటు

అమెరికాలో మేమున్న నోవై ఊళ్ళో మాకు ఒక్కటే కారు. అది పొద్దున్నే మా ఆయనతో ఆఫీసుకు వెళ్ళి, చీకటి పడ్డాక ఆయనతోనే తిరిగొచ్చేది. ఎనభైల మొదట్లో మా వీధికి ఫుట్‌పాత్ కూడా లేదు. చలికాలంలో నేను నడిచి వెళ్ళగలిగిన చోటు మా పోస్టుడబ్బా ఒక్కటే. ఇంట్లో దేనికీ లోటు లేదు కదా అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండేది.

పక్కింటి అమెరికన్ ఆవిడ జాలిపడి తన కారులో నాకు డ్రైవింగ్ నేర్పింది. మంచు పడగానే ఆవిడ ఫ్లోరిడా వెళ్ళిపోయింది. అప్పుడే ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో నాకు ఉద్యోగం వచ్చింది. శుక్రవారంలోగా లైసెన్స్ చూపించాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. టెస్ట్ గురువారం. టెస్ట్‌కి కారు మనమే తీసుకెళ్ళాలి.

“స్నోలో రిస్క్ ఎందుకు? క్యాన్సిల్ చేసెయ్. ఏప్రిల్‌లో నేనే బుక్ చేస్తాగా,” అన్నారు మా ఆయన, భుజం తట్టి. ఆయన కోపిష్టి కాదు. అయితే బాగుండేది, పోట్లాడేదాన్ని. నవ్వే మనిషితో ఎలా పోట్లాడను?

మర్నాడు వంటింట్లో గిన్నెల మీద నా కోపం చూపిస్తున్నాను. ఆ ఏడాదే మా దగ్గరికి వచ్చిన అత్తగారు బట్టలు మడత పెడుతున్నారు. కొడుకు ముందు గొంతెత్తి మాట్లాడగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

“ఈ ఇంట్లో కూచుంటే నాకా రైసుమిల్లు గుర్తొస్తాదే,” అన్నారు.

ఏ మిల్లు అని అడిగాను.

తెల్లవాళ్ళ కాలంలో వాళ్ళ వైపు మద్రాసు శాసనసభ మెంబరు చనిపోతే ఉప ఎన్నిక వచ్చిందట. అప్పట్లో అందరికీ ఓటు లేదు. మామగారు పన్ను కట్టే రైతు కాబట్టి ఆయనకూ, ఆయన భార్యగా ఈమెకూ ఉంది. జమీందారు నిలబడ్డాడు, మామగారు అతని పక్షం. అవతలి పక్షం వాళ్ళు మనసు మార్చేస్తారేమోనని, అతని మనుషులు ఆడ ఓటర్లను బళ్ళలో తీసుకెళ్ళి ఓట్ల రోజు దాకా రైసుమిల్లులో ఉంచారు.

“బూరెలు, పులిహోర, ఏం కావాలంటే అది. తలుపు కాడ మాత్రం మనిషి. పిల్లోడికి జ్వరవని కబురొచ్చినా పంపలేదు. మీ మామగారే వచ్చి, ‘ఇక్కడ మీకేం తక్కువ?’ అన్నారు.”

అవతల నిలబడిన వకీలు కోసం ఈమె సొంత తమ్ముడు ఊరూరా తిరిగాడట. ఈమె మనసూ అటే. ఒక్కో అభ్యర్థికీ ఒక్కో రంగు ఓటుపెట్టె. జమీందారుది ఎరుపు, వకీలుది తెలుపు. ఆ పెట్టెలు తెర వెనక ఉండేవి. చీటీ పట్టుకుని ఒక్కరే లోపలికి వెళ్ళాలి.

“మరి తెల్లపెట్టెలోనేగా వేశారు?” అన్నాను హుషారుగా.

మడత పెట్టిన తువ్వాలునే విప్పి మళ్ళీ మడత పెట్టారు. “ఎర్రదాన్లోనే ఏశానమ్మా. నా చెయ్యి తెల్లదాని దాకా ఎళ్ళింది. అక్కడ పురుగు కూడా లేదు. అయినా మీ మామగారు చూత్తన్నారనే అనిపించింది.”

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరూ చూడని చోట కూడానా అని గట్టిగానే అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. “నువ్వు పరీచ్చకి రానని ఫోను చేసేశావా?” అని అడిగారు. లేదన్నాను. అలా అన్నాకే తెలిసింది, మధ్యాహ్నం లోపల చేసేద్దామనుకుంటున్నానని. ఇంట్లో ఎవరూ చూడకపోయినా చేసేద్దామనే అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఫోను చెయ్యలేదు. సాయంత్రం ఆ మాటే చెప్పాను. మా ఆయన నవ్వారు. “కారు నేను తీసుకెళ్తే టెస్ట్‌కి ఎలా వెళ్తావ్?”

గురువారం పొద్దున ఆయన బ్రీఫ్‌కేసు పట్టుకుని గ్యారేజీలోకి వెళ్ళి, వెంటనే వెనక్కి వచ్చారు. “మా అమ్మకి నువ్వేం చెప్పావ్?”

వెళ్ళి చూశాను. అత్తగారు నేతచీర మీద నా పాత కోటు వేసుకుని కారు వెనక సీట్లో కూర్చున్నారు.

“అమ్మా, దిగు. ఆఫీస్‌కి లేట్ అవుతోంది.”

“దిగను. దాన్ని పరీచ్చకి తీసుకెళ్ళు.”

ఆయన బతిమాలారు, విసుక్కున్నారు, మళ్ళీ నవ్వి చూశారు. ఆమె ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ కూర్చున్నారు. కన్నతల్లిని చెయ్యి పట్టి లాగలేక, చివరికి ఆయన ఆలస్యంగా వస్తానని ఆఫీసుకు ఫోను చెయ్యడానికి లోపలికి వెళ్ళారు.

నేను తలుపు తీసి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె ఒళ్ళంతా వణుకుతోంది. చలికేమోనని చేతులు పట్టుకున్నాను. వెచ్చగానే ఉన్నాయి, చెమట కూడా పట్టింది.

“వాడొత్తన్నాడా?” అన్నారు, తల తిప్పకుండానే.