గొంతు ఇస్తేనే వైరు

మొన్న ఆదివారం పొద్దున తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, టీచరమ్మ పోయింది" అన్నాడు. వరంగల్‌లో మా వాడ వాళ్ళకు టీచరమ్మ అంటే ఒక్కతే, మా గోడవతలి ఇంటామె. చర్చికి తయారై కుర్చీలో కూర్చున్నదట, అట్లాగే ఒరిగిపోయిందట. ఆలస్యమంటే గిట్టని మనిషి. చావులో కూడా ఎవరినీ కనిపెట్టుకుని కూర్చోబెట్టలేదు.

ఇప్పుడు మా అల్లుడు ఇంట్లో ఒక నల్ల పెట్టె పెట్టి, ఉన్న పాటలన్నీ అందులో పోసి, ఏ గదిలో కావాలంటే ఆ గదిలో వినేటట్టు చేస్తానని కిందామీదా పడుతున్నాడు. నాకు నవ్వొస్తుంది. ఎనభైల్లోనే టీచరమ్మ ఆ పని వాడ మొత్తానికి చేసింది బాబూ!

ఆమె ముందు గదిలో టేప్ రికార్డరు, యాంప్లిఫయరు ఉండేవి. అక్కడి నుంచి గోడల మీదుగా, చిక్కుడు పందిళ్ళ మీదుగా వైర్లు లాగి, చుట్టుపక్కల ఇళ్ళ వసారాల్లో స్పీకర్ డబ్బాలు పెట్టించింది. సాయంత్రం బడి నుంచి వచ్చి, మొహం కడుక్కుని, బటన్ నొక్కేది. ఎవరికేం కావాలో గోడ మీంచి కేకేస్తే అది వేసేది.

డబ్బా కావాలంటే ఒకటే షరతు. ఆ ఇంటివాళ్ళు పాటో మాటో రికార్డు చేయించాలి. "గొంతు ఇస్తేనే వైరు" అనేది. మా నాయన చాన్నాళ్ళు సిగ్గుపడి, చివరికి ఎడ్లను అదిలించే కేక ఒకటి ఇచ్చాడు. దాన్ని కూడా పదిలంగా దాచింది మహాతల్లి!

బీరువాలో ఇంటికో అర. భక్తి పాటలు ఒక దిక్కు, సినిమా పాటలు ఒక దిక్కు పెట్టరాదా అని నాయన అంటే, "పాట ఏందన్నది కాదు తమ్మీ, అడిగేది ఎవరన్నది చూడాలె" అంది. అందుకే మా అరలో బతుకమ్మ పాటల పక్కనే క్రిస్మస్ పాటలుండేవి. వాటి పక్కన సారు క్యాసెట్.

సారంటే ఆమె భర్త. ఏటూరునాగారం అడవిలో గార్డుగా చేసినాయన. ఎలుగుబంటిని చూసి చెట్టెక్కిన కథ చెబుతూ, తనే నవ్వాపుకోలేక మధ్యలో ఆగిపోయేవాడు. ఆ కథంటే మా అమ్మకు ప్రాణం, అందుకే అది మా అరలోకి వచ్చింది. సారు చనిపోయాక టీచరమ్మ దాన్ని తనకోసం ఎప్పుడూ వేసుకోలేదు. అమ్మే గోడ దగ్గరికి పోయి, "అక్కా, జర సారు కథ వెట్టవా" అనేది. టీచరమ్మ వింటుందనే అడిగేది.

ఒక ఆదివారం టీచరమ్మ చర్చికి పోతూ తాళంచెవి అమ్మకిచ్చింది. ఆడవాళ్ళంతా కూడి కొత్త బతుకమ్మ పాటలు రికార్డు చేశారు. అమ్మకు చదువు రాదు. మా అరలో ఉన్నది మాదే కదా అని చేతికందిన క్యాసెట్ పెట్టింది. సారు కథ మొత్తం చెరిగిపోయింది.

అమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. "అక్కా, సారు గొంతును నా చేతులతోని తుడిచేసిన!"

"నువ్వు తుడుసుడేంది చెల్లె? నీ అరల వెట్టింది నేనే గద, లే."

అన్నది కానీ, ఆ సాయంత్రం బటన్ నొక్కలేదు. ఆ మర్నాడూ లేదు. డబ్బాలు మూగవోతే వాడంతా శవం లేచిన ఇల్లులా ఉంది.

ఆఖరికి ఒకరోజు అమ్మ లేచి పోయి మైకు ముందు కూర్చుంది. టీచరమ్మ రికార్డు బటన్ నొక్కింది.

"సారు మా గోడకాడ నిలవడి ఏమంటుండె? 'ఏమమ్మా, పులుసు వాసన మా ఇంటి దాంక ఒచ్చింది, గిన్నె ఎప్పుడొస్తది?'" అంది అమ్మ, ఆయనలాగే గొంతు సాగదీస్తూ.

డబ్బాల్లోంచి అది విని ఎదురింటి కాక ఉరికొచ్చాడు. "నన్నయితే, 'సైకిల్ జర మెల్లగ తొక్కవయ్యా, కోళ్ళు తిరుగుతున్నయ్' అంటుండె." ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎవరికి సారు ఏమనేవాడో వాళ్ళు ఆయనలా అని చూపించారు. ఎవరికీ సరిగ్గా రాలేదు. టీచరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూనే నవ్వడం మొదలుపెట్టింది.

"అట్ల కాదుర అయ్యా, ఆగుండ్రి" అని మైకు తన దిక్కు తిప్పుకుంది.

వాడలో అందరి గొంతులు దాచిన మనిషి తన గొంతు మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. అడిగితే, "నాదెందుకే, రోజు బడిల ఇంటలేరా" అనేది. అందుకే ఇప్పుడు ఆమె గొంతు మాకు మిగిలింది ఆ రోజు క్యాసెట్ ఒక్కదానిలోనే. సమాధి చేసి వచ్చాక తమ్ముడు దాన్ని వేశాడు. అందులో మా టీచరమ్మ గొంతు బొంగురు చేసుకుని, అచ్చం సారులాగా, తనను తానే పిలుస్తోంది:

"ఏం టీచర్ గారూ, చాయ పోస్తరా, పరీక్ష వెట్టి పోస్తరా?"