తప్పుంటే మాదే

మొన్న బోధన్ బస్టాండు దగ్గర మోటార్లు బాగుచేసే దుకాణం దాటుతుంటే ఆ వాసన తగిలింది. రాగితీగ మీది వార్నిష్ కాలిన వాసన. గొంతులో పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. అందరూ ముక్కు మూసుకుని పోతున్నారు. నాకు మాత్రం సుగుణక్క గుర్తొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి.

సుగుణక్క నిజామాబాద్‌లో చిన్న ప్రెస్సు నడిపేది. పెళ్ళి కార్డులు అన్నం పెట్టేవి. ఆమె ప్రాణం మాత్రం రైతులకూ మెకానిక్కులకూ పనికొచ్చే చిన్న పుస్తకాల మీద ఉండేది. చదువయ్యాక ప్రూఫులు దిద్దే పనికి ఆమె దగ్గర చేరాను. అలాంటి పుస్తకాల్లో "ఇందులోని పొరపాట్లకు ప్రచురణకర్తలు బాధ్యులు కారు" అని వేయడం రివాజు. నేనూ అలాగే వేసి తీసుకెళ్ళాను. ఆమె ఆ వాక్యం కొట్టేసి, "తప్పుంటే మాదే. వచ్చి చెప్పండి" అని రాసింది.

"అందరు వేస్తరు కదక్కా" అన్నాను.

"అన్నం పెట్టి, కడుపు నొస్తే నాకు తెల్వదు అంటమా? గిది గూడ గంతే" అంది.

ఊరికే మాట ఇచ్చి కూర్చునే మనిషి కాదు. ప్రతి పుస్తకం అచ్చుకు పోయేముందు పాత మెకానిక్ నర్సింలన్న దుకాణానికి తీసుకుపోయేది. నేను చదివేదాన్ని, ఆయన అలాగే చేసేవాడు, అక్క స్టూలు మీద కూర్చుని ఆయన చేతులకేసి చూసేది. చెయ్యి ఆగిన చోటల్లా వాక్యం మార్చేవాళ్ళం. మోటారు స్టార్టరు పుస్తకం బొమ్మలు కంప్యూటరు మీద కొత్తగా గీయించి మళ్ళీ వేసినప్పుడు ఆయన చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆ సంతోషంలో అక్క అందరికీ మిర్చీ బజ్జీలు తెప్పించింది.

ఎండాకాలం నడిమధ్యలో ఎడపల్లి నుంచి లింగన్న అనే చెరుకు రైతు వచ్చాడు. ఒక చేతిలో మా పుస్తకం, ఇంకో చేతిలో నల్లగా మాడిన తీగచుట్ట.

"మెకానిక్ దొరుకలే. మీ బొమ్మ సూసుకుంటనే తీగలు కలిపిన. కరెంటు మూడు ఫేజులల్ల ఒకటి పోయినా స్టార్టరు బంద్ కాలే, మోటరు కాలింది. చెరుకు ఎండుతున్నదక్కా" అన్నాడు. అరవలేదు. అరిస్తే బాగుండేదనిపించింది.

ముగ్గురం నర్సింలన్న దగ్గరికి వెళ్ళాం. ఆయన బొమ్మను చాలాసేపు చూశాడు. కరెంటు తేడా వస్తే మోటారును ఆపే రిలేలోంచి పోవాల్సిన తీగ, బొమ్మలో పక్కనుంచి పోయింది.

"నేను బొమ్మ దిక్కు చూడనే లేదు సుగుణమ్మా. అలవాటైన చెయ్యి, దానంతట అదే సక్కగ పోయింది" అంటూ తల పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ మేము పరీక్షించింది ఆయన పనితనాన్ని, మా పుస్తకాన్ని కాదు.

ప్రెస్సులో సగం భాగం ఉన్న సుగుణక్క వాళ్ళన్న మండిపడ్డాడు. "గా ఒక్క ముక్క వేసుంటే ఈ లొల్లి ఉండకపోతుండె. ఇప్పటికన్న వెయ్యి."

"మాది కాదని రాసుకుంటే మోటరు కాలుడు ఆగుతదా అన్నా?" అంది అక్క.

లింగన్న మోటారు ఆమే బాగుచేయించింది. నీళ్ళు వచ్చేసరికి చెరుకు పోయింది. ఆ తోట చూసి వస్తూ బస్సులో ఏడ్చింది. తర్వాత భీమ్‌గల్ దాకా దుకాణం దుకాణం తిరిగి, ఉన్న పుస్తకాల్లో సరైన బొమ్మ అంటించింది. తన తప్పు తనే చాటుకున్నట్టయింది. దుకాణాలవాళ్ళు మిగతా పుస్తకాలూ వాపసు పంపారు. అన్న తన భాగం తీసుకుని తప్పుకున్నాడు, ప్రెస్సు మూతపడింది.

నా కోపం ఇక్కడుంది. ఇంకెవరో మా పుస్తకాన్ని ఆ తప్పు బొమ్మతో సహా దించి, రెండో పేజీలో "బాధ్యులు కారు" అని వేసి అమ్ముకున్నారు. అది ఇప్పటికీ అమ్ముడుపోతోంది. ఎవరూ వెళ్ళి అడగరు, అడగొద్దని ముందే రాసి ఉంది కదా.

నేనిప్పుడు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఫోనుతో మోటారు నడిపించే యాప్‌కు వాడుక వివరాలు రాస్తాను. అందులోనూ అదే వాక్యం ఉంది, కాకపోతే పేజీల పొడుగున. దాన్ని కొట్టేసే అధికారం నాకు లేదు. రాసింది మాత్రం ఏమీ తెలియని మనిషి చేతికిచ్చి, నోరు మూసుకుని చూస్తాను. లింగన్న చెరుకు పోతేగానీ మాకు రాని చదువది.

చివరిసారి చూసినప్పుడు అక్క మంచంలో ఉంది. "గా బొమ్మ ఇంకా అమ్ముతున్నరా?" అని అడిగింది.

"అమ్ముతున్నరక్కా. కానీ దాని మీద మన పేరు లేదు."

"పేరు లేకుంటేంది? గీసింది మనమే" అని అటు తిరిగి పడుకుంది.

అక్క పోయింది. ఆ పుస్తకం కనబడితే నేను దుకాణం ఎక్కి, బొమ్మ తప్పని చూపిస్తాను. "మీదా పుస్తకం?" అని విసుక్కుంటారు.

మాదే అంటాను.